నూట యాభై మూడో ఆదివారం

ఏడేళ్లుగా ఒక అంకె నా మీద కూర్చుని ఉంది. ఇరవై ఆరు. నీటికాకులు ఇరవై ఆరు అని నా చేత్తో నేనే రాశాను. ఆ రోజు ఆ ఇరవై ఆరింటిలో ఒక్కదాన్ని కూడా నేను చూడలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో, ఎన్నిసార్లు మాట మార్చి వానల గురించి మాట్లాడానో నాకే లెక్క లేదు. లెక్క లేదని నేను అనడం మా ఊరివాళ్లు వింటే నవ్వుతారు.

నాది దమ్మపేట వైపు ఒక ఊరు. పామాయిల్ గెలలు తూచే కాటా దగ్గర పని చేస్తాను. పదో తరగతి తప్పాను, లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. ట్రాక్టరు వచ్చి కాటా మీద ఆగితే, అంకె పడకముందే బరువు చెప్పేవాణ్ణి. యాభై కిలోలకు మించి తేడా వచ్చేది కాదు. అది గొప్ప అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, చూడకముందే చెప్పే అలవాటు నాకు అక్కడే పట్టిందేమో అనిపిస్తుంది.

ట్రాక్టరుకూ ట్రాక్టరుకూ మధ్య ఖాళీలో కరెంటు తీగ మీద పిట్టల్ని లెక్కపెట్టడంతో మొదలైంది. తర్వాత ఒక పొడుగాటి నోటుబుక్కు కొని గళ్లు గీశాను. మా ఇంటి గడప నుంచి ఎటు పోయినా రెండు వేల అడుగులు, అంతే నేను గీసుకున్న హద్దు, నా గిరి. నా అడుగు రెండున్నర ఫీట్లు, టేపు పెట్టి కొలుచుకున్నాను. అంటే మైలుకు రెండు వందల ఎనభై ఫీట్లు తక్కువ. ఆ గిరిలో మా ఊరు, రెండు పామాయిల్ తోటలు, ఒక కుంట, దాని వెనక తుమ్మచెట్లు, ఉత్తరాన అడవి అంచు. అంతకు మించి ఒక్క అడుగు వేసేవాణ్ణి కాదు. గిరి దాటి నెమలి కనిపించినా రాసేవాణ్ణి కాదు. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి బయలుదేరి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేవాణ్ణి. నూట నలభై ఎనిమిది ఆదివారాలు ఒక్కటీ తప్పలేదు.

పేర్లు సగం పుస్తకంలో చూసి నేర్చుకున్నాను. మిగతా సగం ముత్తమ్మ చెప్పింది.

ముత్తమ్మది అడవి అంచున ఉన్న కోయగూడెం. నా కంటే ఐదారేళ్లు పెద్దది. పదకొండు మేకలు ఉండేవి. పొద్దు పొడవక ముందే వాటిని కుంట దగ్గరికి తోలుకొచ్చేది. బుడుబుంగ ఎక్కడ మునిగితే ఎక్కడ తేలుతుందో వేలు పెట్టి చూపించేది, ఆ వేలు చూపిన చోటే తేలేది. ఒకసారి అడిగాను, మేకల్ని లెక్కపెట్టుకోకుండా ఎట్లా తోలుకుపోతావని.

“ఎన్ని అని నాకు తెల్వది సారూ,” అంది. “ఏది రాలేదో తెలుస్తది.”

నవ్వాను. ఆ మాట ఎంత పెద్దదో అప్పుడు అర్థం కాలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో పేపరు జిల్లా పేజీలో నా గురించి నాలుగు వాక్యాలు వచ్చాయి. మూడేళ్లు కావస్తున్నా ఒక్క ఆదివారం తప్పని పక్షుల లెక్క అని. కాటా దగ్గర గోడకు అంటించుకున్నాను. ఊళ్లో పిట్టల గుమాస్తా అనే పేరు అంతకుముందు వెక్కిరింపు, ఆ తర్వాత బిరుదు అయింది. సరిగ్గా దాని తర్వాతి ఆదివారం పెనుబల్లిలో మా మేనమామ కూతురి పెళ్లి. శనివారమే పోయాం. తిరిగి వచ్చేసరికి ఆదివారం సాయంత్రం. నోటుబుక్కు తీసి ఖాళీ గళ్లు చూశాను. నూట నలభై తొమ్మిది.

పోలేదని రాస్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఈ ప్రశ్న నన్ను నేను వేయి సార్లు అడిగాను. కానీ ఆ సాయంత్రం నా కళ్ల ముందు కాటా గోడ మీది పేపరే కదిలింది. వెనకటి ఎనిమిది ఆదివారాల సగటు కట్టి, ఒక పిట్టకు రెండు కలిపి, ఒక పిట్టకు మూడు తీసి రాశాను. సరిగ్గా సగటే రాస్తే అబద్ధంలా కనిపిస్తుందని నాకు తెలుసు. చూసిన అంకె ఎప్పుడూ కొంచెం వంకరగా ఉంటుంది. నేను ఆ వంకర కూడా తయారు చేశాను.

తర్వాతి ఆదివారం పెళ్లీ లేదు, జ్వరమూ లేదు. ఆరింటికే మెలకువ వచ్చింది. పడుకునే ఆలోచించాను. ఎండ ముదురుతున్నది, కొత్త పిట్ట ఏదీ రాదు, పోయిన వారం ఉన్నవే ఉంటాయి. అంకె ముందే తెలిసినప్పుడు కాళ్లకెందుకు శ్రమ? అట్లా ఐదు ఆదివారాలు. ఐదోది నూట యాభై మూడు.

ఆ రోజు పొద్దున నేను మంచం మీద ఉన్నాను. కూలర్ చప్పుడు వింటున్నాను. కుంట దగ్గర ఏం జరిగిందో మంగళవారం నాటి పంచాయతీలో తెలిసింది.

ముత్తమ్మ మేకలు మూడు చనిపోయాయి. పొద్దున కుంటలో నీళ్లు తాగాయి, మధ్యాహ్నానికి నురగ కక్కి పడిపోయాయి. కుంటను చేపల కోసం వేలంపాటలో దక్కించుకున్నతను గడువు ముగిసేలోపు మిగిలిన చేపలు తేలడానికి నీళ్లలో పురుగుమందు కలిపాడని ఆమె ఆరోపణ. మేకలు ముందు పరుగెత్తి నీళ్లు తాగేశాక తాను కట్ట ఎక్కి చూసేసరికి కొంగలూ నీటికాకులూ చచ్చి తేలుతున్నాయని, అతని మనుషులు వాటిని యూరియా సంచుల్లో ఎత్తుకుపోయారని చెప్పింది. ఆ వేళకు అక్కడ అతని మనుషులు కాక ఆమె తప్ప ఎవరూ లేరు. అతను ఒప్పుకోలేదు. మేకలు తన తమ్ముడి చేలో కోసిన జొన్న దుబ్బుల చిగుర్లు మేసి చచ్చాయన్నాడు. నమ్మదగిన మాటే. ఎండకు వాడిన జొన్న చిగురు మేస్తే మేక బతకదని ఇక్కడ అందరికీ తెలుసు.

పంచాయతీ ఆఫీసు వరండాలో ఓ నలభై మంది ఉన్నారు. ఇద్దరి మాటా తేలడం లేదు. అప్పుడు సర్పంచ్ నా వైపు చూశాడు.

“మన పిట్టల గుమాస్తా ఉండగ ఈ కొట్లాట ఎందుకు?” అన్నాడు. “పెండ్లాం పేరన్న మరుస్తడు గాని కొంగల లెక్క మరువడు. నీళ్లల్ల మందు ఉంటె ముందుగాల పిట్టలు సావాలె గద. బుక్కు తెప్పియ్యి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బుక్కు తేవడానికి ఇంటికి నడిచాను, పోను నూట తొంభై అడుగులు, రాను నూట తొంభై. ఆ మూడు వందల ఎనభై అడుగుల్లో ఎక్కడైనా ఆగి నిజం చెప్పేద్దామని అనుకున్నానా? అనుకున్నాను. అనుకోలేదని అంటే ఇది కూడా ఆ గళ్లలో రాసిన అంకె అయిపోతుంది. చెబితే ఏం పోతుందో కూడా ఆ దారిలోనే లెక్క కట్టాను. ఒక్క ఆదివారం పోదు. మొత్తం నూట యాభై మూడూ పోతాయి. ఇక ఏ అంకెనూ ఎవరూ నమ్మరు. ఆ పక్కన ముత్తమ్మవి మూడు మేకలు. నేను అట్లా తూచాను. కాటా మనిషిని కదా.

చదివాను. తెల్లకొంగలు ముప్పై ఒకటి. నీటికాకులు ఇరవై ఆరు. బుడుబుంగలు తొమ్మిది. లకుముకి పిట్టలు మూడు.

“విన్నరు గద,” అన్నాడు పాటదారు. “పిట్టలు బతికిన నీళ్లల్ల మేకలెట్ల సచ్చినయి?”

ముత్తమ్మ గోడ పక్కనుంచి లేచి వచ్చింది. కోపంగా లేదు. చాలా రోజులుగా తెలిసిన మనిషిని అడిగినట్టే అడిగింది.

“సారూ, ఆ ఆదివారం పొద్దుగాల కుంట కాడికి వచ్చినవా?”

“అవ్. వచ్చిన.”

నా ముఖం వైపు చూసింది. తర్వాత నా చేతిలో బుక్కు వైపు.

“సచ్చిన పిట్టల్ని రాయనీకి నీ బుక్కుల గడి లేదా?”

“లేదు,” అన్నాను. ఆ రోజు నేను ఆడిన ఒకే ఒక్క నిజం అది.

తాను పొద్దంతా కట్ట మీదే ఉన్నానని, నేను రాలేదని ఆమె అనవచ్చు. అనలేదు. అన్నా గళ్లు గీసిన బుక్కు ముందు ఆమె మాటను ఎవరూ నిలబడనిచ్చేవాళ్లు కాదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఆ తెలివి మీద ఆనుకునే నేను అబద్ధం చెప్పాను.

లేని నింద మోపినందుకు తప్పు కింద జరిమానాగా ముత్తమ్మ ఒక మేకపోతు ఇవ్వాలని తీర్పు అయింది. ఇచ్చింది. మరునాడు దాన్ని కోసి పెద్దమనుషులు పంచుకున్నారు. సాక్ష్యం చెప్పానని మా ఇంటికీ ఒక వాటా పంపారు. టేకు ఆకులో చుట్టి వచ్చింది. చేతిలోకి తీసుకోగానే ముప్పావు కిలో అని తెలిసిపోయింది. మా ఆవిడ వండింది. తిన్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేని భాగం ఇదే. తినేటప్పుడు చెయ్యి ఆగలేదు.

ఇక్కడితో ఆగితే, నాకు తెలియక అన్నానని చెప్పుకునే సందు ఉంటుంది. ఆ సందులో ఐదు రోజులు తలదాచుకున్నాను. నేను పోలేదు నిజమే, కానీ పోయి ఉంటే పిట్టలు బతికే కనిపించేవేమో, జొన్న చిగుర్లే కారణమేమో. ఆ సందు కూడా తర్వాతి ఆదివారం మూసుకుపోయింది.

నూట యాభై నాలుగు. ఆ రోజు పోయాను. తెల్లకొంగలు నాలుగు. నీటికాకులు రెండు. బుడుబుంగలు సున్నా. నీళ్ల అంచున సన్న చేపలు ఎండి తెల్లటి గీత కట్టాయి. తుమ్మల కింద ముళ్లలో ఒక నీటికాకి ఇరుక్కుని ఉంది, రెక్కలు సగం విప్పి. సంచుల వాళ్ల కంటికి ఆనలేదు. పక్కన కూర్చున్నాను. చీమలు పట్టి ఉంది. ముత్తమ్మ చెప్పింది అక్షరం అక్షరం నిజం.

అప్పుడైనా లేచి సర్పంచ్ ఇంటికి పోవచ్చు. అక్కడికి పదహారు వందల అడుగులు. పోలేదు. అక్కడే కూర్చుని ఇంకో లెక్క కట్టాను. పోయిన వారం ఇరవై ఆరు, ఈ వారం రెండు అని రాస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. కాబట్టి మెల్లగా దించాను. ఇరవై, పదిహేను, తొమ్మిది, ఐదు. నాలుగు ఆదివారాలు. పక్కన ‘ఎండకు నీళ్లు తగ్గినవి’ అని కారణం కూడా రాశాను. మొదటి ఐదు బద్ధకంతో రాసినవి. ఈ నాలుగూ కళ్లు తెరుచుకుని రాసినవి. మొత్తం తొమ్మిది. వీటిలో ఏది ఎక్కువ బరువని మీరు అడిగితే, చివరి నాలుగు అంటాను.

వానాకాలం రాకముందే ముత్తమ్మ మిగిలిన మేకల్ని అమ్మేసి, భద్రాచలం వైపు వాళ్ల అక్క ఉన్న గూడేనికి పోయిందని విన్నాను. మేకలు లేనందుకా, కుంట కట్ట మీద నా ముఖం చూడలేకా, నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. బుడుబుంగలు రెండేళ్లకు తిరిగి వచ్చాయి. ఎక్కడ తేలుతాయో నేను ముందుగా చెప్పలేను.

మొత్తం నాలుగు మేకలు. మూడు అతని ఖాతా, ఒకటి నాది, అని పంచుకుని కొన్నాళ్లు నిద్రపోయాను. ఆ భాగహారం తప్పు. మందు కలిపింది అతను. దాన్ని నీళ్లుగా మార్చింది నేను. ఆమెను అబద్ధాలకోరును చేసింది నేను. ఇది మేకల్లో తెగే లెక్క కాదు.

ఈ పొద్దున బుక్కు తీసి ఎర్ర పెన్నుతో ఆ తొమ్మిది పేజీలూ సరిచేశాను. మొదటి ఐదింటి మీద ‘పోలేదు’ అని, తర్వాతి నాలుగింటి మీద నాకు గుర్తున్నంత వరకు నిజం అంకెలు. కొత్తగా ఒక గడి గీశాను, చచ్చినవి రాయడానికి. నూట యాభై మూడుకు ఎదురుగా ఆ గడిలో అంకె వేయలేదు. ఎన్నో నాకు తెలియదు. ముత్తమ్మ చూసింది అని రాశాను. సర్పంచ్ మారాడు, వరండా అదే. పాటదారు ఊళ్లోనే ఉన్నాడు. వచ్చే గ్రామసభలో నిలబడి ఆ తొమ్మిదీ చదువుతాను. నవ్వినా, తిట్టినా చివరిదాకా చదువుతాను. ఆ తర్వాతి ఆదివారం గిరి దాటి భద్రాచలం బస్సు ఎక్కుతాను. క్షమించమని అడగను. అది అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం చెప్పి వస్తాను. తలుపు తీయకపోతే బయటే నిలబడి చెబుతాను.

ముందు ఒకసారి ఇక్కడ పైకి అననివ్వండి. నోరు అలవాటు పడాలి.

ఆ ఆదివారం పొద్దుగాల కుంట కాడికి వచ్చినవా సారూ?

రాలేదు ముత్తమ్మా.