లోపలివాళ్లతో మాట్లాడించిన అక్క

మధ్యాహ్న భోజనానికి పిల్లలు వరుస కడుతుండగా ఫోన్ వచ్చింది. "అక్క పోయింది సార్. పొద్దుగాల, నిద్రల్నే," అంది ఆమె చెల్లెలు. నేను మరిపెడ బడిలో టీచర్ని. అక్క నాకు చుట్టం కాదు. మహబూబాబాద్‌లో మనసు చెదిరినవాళ్లతో మాట్లాడే కౌన్సెలర్. మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసినవాళ్లు తెలుసని చెప్పుకోరు.

నా కూతురు జ్వరంతో చనిపోయిన ఏడాది ఆమె దగ్గరికి వెళ్లాను. వెళ్లానంటే, నా భార్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. అప్పటికే బడికి పోవడం మానేశాను. రైల్వేస్టేషన్ వెనక వీధిలో చిన్న గది. గూడ్సు బండి పోతుంటే అక్క మాట మధ్యలోనే ఆగి, చప్పుడు పూర్తిగా పోయాక అక్కడి నుంచే అందుకునేది. ఎదుటి మనిషి ఏడిస్తే కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకునేది. "గిప్పుడు నాకేం కనవడది. నువ్వు ఏడువు," అనేది.

ఇంట్లో ఎవరితోనూ అనని మాట మొదటి రోజే ఆమెతో అనేశాను. చచ్చిపోవాలని ఉందని. ఆమె ఉలిక్కిపడలేదు, నీతులు చెప్పలేదు.

"నువ్వు మొత్తం అంటున్నవా తమ్మీ, నీ లోపల ఒకడు అంటున్నడా?"

ఆలోచించి, "ఒకడు," అన్నాను.

"వాన్ని తిట్టకు, ఎల్లగొట్టకు. వాడు గూడ నీవోడే. ఏం కావాల్నో అడుగు."

పిచ్చి ప్రశ్న అనిపించింది. అయినా కళ్లు మూసుకుని అడిగాను. వాడికి చావు అక్కర్లేదట. నొప్పి ఆగితే చాలన్నాడు.

అక్క ఆ రోజే నా భార్యను లోపలికి పిలిచి, నాతోనే అంతా చెప్పించింది. వెంట వచ్చి డాక్టరుకూ చూపించింది.

మనిషి లోపల ఒక్కడే ఉండడనేది ఆమె వైద్యం. నొప్పి మోసేవాడొకడు, ఆ నొప్పిని బయటికి రానీయకుండా కాపలా కాసేవాడొకడు. నెలలు గడిచాక నాలో ఇంకొకడు కనబడ్డాడు. బిడ్డ పోయిన దవాఖాన వరండాలో, దాని చెప్పులు చేత పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. వాణ్ణి ఎవరూ వచ్చి పిలవలేదు.

"ఇంటికి రమ్మని చెప్పాల్నా అక్కా?"

"ఇప్పుడే వద్దు. పోయి వాని పక్కన నిలవడు."

నిలబడ్డాను, చాలాసార్లు. వాడు ఇప్పటికీ పూర్తిగా ఇల్లు చేరలేదు. నేను మాత్రం మళ్లీ పాఠం చెప్పగలిగాను.

ఎప్పుడో తగ్గిందనుకున్న క్యాన్సర్ నిరుడు అక్కకు తిరగబెట్టింది. చివరిసారి చూసినప్పుడు మంచం మీద గుప్పెడంత అయిపోయి ఉంది. కుర్చీ దగ్గరికి జరుపుకోమంది.

"లోపల ఒక పిల్ల మస్తు భయపడుతుంది తమ్మీ. ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అంటది. ఇంట్లనే ఉన్నం గదనే అంటే ఇనదు."

"నేనేం చెప్పాలె అక్కా?"

"ఏం చెప్పకు. నాకే చెప్పొస్తలేదు. జర కూసో."

కూర్చున్నాను. ఇన్నేళ్లు అందరి భయాలనూ పలకరించిన మనిషి, తన భయం దగ్గరికి వచ్చేసరికి గోడవైపు తిరిగి నా వేలు పట్టుకుంది. ఆమె విద్య చివరికి ఆమెకు సాయపడిందా అంటే నాకు తెలియదు. పడిందని రాస్తే అబద్ధమవుతుంది. చీకటి పడేదాకా నా వేలు వదల్లేదు.

అంత్యక్రియలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. గార్ల వైపు తండా నుంచి ఒక తల్లీ కూతురూ, తొర్రూరు బట్టల వ్యాపారి ఒకాయన, డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన కానిస్టేబుల్. సాయంత్రం బస్టాండులో అందరం ఒకే బల్ల మీద సర్దుకున్నాం. అక్క నీకెట్ల తెలుసని ఎవరం ఎవరినీ అడగలేదు. తండా తల్లి పల్లీల పొట్లం కొని, తను రెండు గింజలు తీసుకుని పక్కకు అందించింది. పొట్లం చేతులు మారుతూ బల్ల చివరిదాకా వెళ్లింది. తొర్రూరు బస్సు వచ్చి, నిండి, కదిలింది. ఆ వ్యాపారి దాని వంక చూశాడు గానీ లేవలేదు.