కంపెనీ ఫ్యాను, వేపాకు పొగ

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. నాలుగు సాయంత్రాలు. పదహారు గంటల నలభై నిమిషాల కంప్యూటర్ పని. విసుగులో చూసుకోక మీద కూర్చుని విరగ్గొట్టుకున్న కళ్ళజోడు కాడ ఒకటి. చేతికి వచ్చిన పటాలు సున్నా.

అశ్వారావుపేటలో మా అన్నా వదినలతో కలిసి ఉంటాను. వదిన పద్నాలుగు ఎకరాల్లో పామాయిల్ మొక్కలు పెట్టింది. ఎకరాకు యాభై ఏడు చొప్పున ఏడు వందల తొంభై ఎనిమిది. ఎండలకు కొన్ని చచ్చిపోయాయి. ఏవి ఎక్కడ పోయాయో పటంలో గుర్తుపెట్టి శనివారంలోగా ఇస్తేనే బదులు మొక్కలిస్తామని నర్సరీవాళ్ళు అన్నారు. డ్రోన్ ఫొటోలు కలిపి పటం చేయడం నేను సొంతంగా నేర్చుకున్న పని. దానికి ఆరు గంటలు పడుతుంది. భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే.

మిల్లులో షిఫ్టు దిగి రెండున్నరకు మొదలుపెట్టేవాణ్ణి. ఆరూ నలభైకి కార్డు తొంభై ఒక్క డిగ్రీలకు చేరి కంప్యూటర్ ఆగిపోయేది. సోమవారం నుంచి గురువారం దాకా ఇదే వరస.

కార్డు అమ్మిన ఖమ్మం దుకాణదారుకు ఫోన్ చేశాను.

"కార్డుతోటి వచ్చిన కంపెనీ ఫ్యాను మీ ఎండలకు ఏడ ఆగుతదన్నా? వాటర్ కూలింగ్ పెట్టియ్, జల్దీ."

వదిన గడపలో నిలబడి నవ్వింది. "ఏంది మరిదీ, సచ్చిన మొక్కల లెక్క కోసం బతికున్న మిషన్ను సంపుతున్నవ్?"

గురువారం రాత్రి అన్నం ముందు పెట్టుకుని, కంప్యూటర్లో నమోదైన గది వేడి, కార్డు వేడి అంకెలు చూశాను. నాలుగింటికి గది నలభై ఒకటి, కార్డు ఎనభై మూడు. ఆరున్నరకు గది ముప్పై ఆరుకు దిగింది, కార్డు తొంభైకి ఎక్కింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గది చల్లబడుతుంటే కార్డు వేడెక్కడమేమిటి? అలాగైతే తప్పు ఫ్యానుది కాదు!

రోజూ ఆ వేళకు వదిన వేసే దోమల పొగ పడక పాలకు వెళ్ళేవాణ్ణి. శుక్రవారం వెళ్ళలేదు. ఆరూ ఇరవైకి వదిన కుండలో నిప్పుల మీద వేపాకు వేసి తెచ్చింది. కిటికీ మూసింది. తీగ మీది దుప్పటి లాగి, రెండు మడతలు వేసి, కంప్యూటర్ డబ్బా చుట్టూ కప్పింది.

"వదినా! ఏం జేస్తున్నవ్?"

"లోపలికి పొగ వోదా? సోమారం కాంచి గిట్లనే కప్పుతున్న. పొగ వోయినంక తీస్తున్న."

"గందుకే కార్డు వేడెక్కి సస్తున్నది!"

"అవ్, వేడెక్కిందంటివి గదా. జరమొచ్చినోళ్ళకు దుప్పటి కప్పమా?"

దుప్పటి లాగేశాను. పొగకుండ వసారాలోకి పంపి కిటికీ తెరిచాను. ఎనభై ఆరు. ఎనభై నాలుగు. ఎనభై మూడు! ఒక్కో అంకె గట్టిగా చదువుతుంటే వదిన కూడా స్టూలు లాక్కుని కూర్చుంది. ఎనిమిదిన్నరకు పటం పూర్తయింది. ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి. నెలకోసారి బ్రష్‌తో దుమ్ము దులుపుతాను, డబ్బా వెనక జానెడు ఖాళీ వదులుతాను. ఎంత పనిలోనైనా ఎనభై నాలుగు దాటలేదు. కంపెనీ ఫ్యాను చాలు, గాలి తగలనిస్తే చాలు.

పటం మాత్రం ఆ శనివారమే ఇచ్చాం. చచ్చినవి నూట పన్నెండు. నర్సరీవాళ్ళు డెబ్బై ఇచ్చి, మిగతావి వచ్చే లోడులో అన్నారు. ఆ లోడు రాలేదు. వదినకు ఇంకా రావలసిన మొక్కలు నలభై రెండు.