ఎర్ర వరుస, నాలుగు, పదిహేడు

మొన్న పెద్దపల్లి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే, పక్కనే ఒకాయన ఇనుప స్తంభాల మీద పసుపు రంగుతో నంబర్లు దిద్దుతున్నాడు. ఎనామిల్ రంగు, టర్పెంటైన్ కలిసిన ఘాటు ముక్కుకు తగలగానే రైలు సంగతి మరిచిపోయాను. ఆ అంకెలు దూరం నుంచి కనబడతాయో లేదోనని వెనక్కి నడిచి మరీ చూశాను. "ఏం సార్, వంకరొచ్చిందా?" అన్నాడు రంగాయన. "వంకర లేదు గని, జర పెద్దగ రాయి" అన్నాను. కొనేది లేకపోయినా సలహా ఇవ్వడం మా ఇంటి అలవాటు. ఈ సలహా మాత్రం మా ఇంటిది కాదు, రూతు మేడంది.

ఎనభైల్లో ఆదిలాబాద్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్‌లో నేను గుమాస్తాగా చేరేనాటికి ఆమె అక్కడ ఇన్‌చార్జి. మిషన్ బడిలో చదువుకుని, టైపిస్టుగా వచ్చి, ఆ కుర్చీ దాకా ఎదిగిన మనిషి. నేనేమో హుజూరాబాద్ బట్టల దుకాణంలో తానుల మధ్య పెరిగినవాణ్ని. మా బాపు ప్రతి తానుకూ ఒక చీటీ కట్టి, కొన్న ధరను మా ఇంటివాళ్లకే తెలిసే అక్షరాల్లో రాసేవాడు. గిరాకీ ఆ చీటీని ఎంత తిప్పి చూసినా ఏమీ అర్థమయ్యేది కాదు. గుర్తు అంటే ఎదుటివాడికి తెలియకుండా రాసుకునేదని నాకు పాలతోనే ఎక్కింది. అందుకే, బేరింగులకు, మోటార్లకు, గొలుసులకు అన్నిటికీ గుర్తులు కట్టాలని మేడం మొదటి బీరువాను నాకు అప్పగించినప్పుడు, మా దుకాణం పద్ధతినే దించేశాను. ఇక నేను లేకపోతే ఈ ఫ్యాక్టరీ నడవదని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆమె ఒక చీటీ పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "గిదేంది, సేటూ?" దుకాణం పిల్లగాణ్నని నన్ను అట్లాగే పిలిచేది.

"కోడు, మేడం. నాకొక్కనికే తెలుస్తది."

"నీకు జరమొస్తే?"

"దుప్పటి కప్పుకొనొచ్చి చెప్త, మేడం."

"మరి సచ్చిపోతే? నీ దినాలయ్యేదాక సిమెంటు బట్టీని ఆగుమందామా?"

స్టోరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు లింగయ్య మేస్త్రీ. ఏ వస్తువు ఎక్కడుందో ఆయన తలలో ఉండేది. ఆయన పెండ్లికో పబ్బానికో ఊరికి పోతే మాత్రం, ఫిట్టర్లు పోగొట్టుకున్న మేకను వెతికినట్టు బీరువాల మధ్య తిరిగేవాళ్లు. మేడం నా చీటీలన్నీ పీకించింది. ఖాళీ రంగు డబ్బాల రేకులు కత్తిరించి, వరుసకొక రంగు పూసి, బీరువాకొక అంకె, అరకొక అంకె వేయించింది. వస్తువుకు కట్టే రేకు మీదా అవే గుర్తులు. "పేరు తెల్వనోడు సుత దొరకబట్టాలె. అక్షరాలు రానోళ్లుంటరు గని బస్సు నంబరు రానోళ్లుండరు" అనేది. రేకులు కొడుతూ కొడుతూ నా బొటనవేలు ఆ ఏడాది ఎన్ని రంగులు మారిందో చెప్పలేను.

పని ముగిసేసరికి హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ఆఫీసరు దిగాడు. ఈ రేకుల పని దండుగని, స్టోరును మేస్త్రీకి అప్పగించి మేడంను మళ్లీ టైపు మిషను ముందు కూర్చోబెట్టాలని మా మేనేజరు అప్పటికే ఆయనకు నూరిపోశాడు. తేల్చడానికి ఆఫీసరు ఒక పందెం పెట్టాడు. తాను చెప్పిన వస్తువును మేస్త్రీ తన జ్ఞాపకంతో తేవాలి, మా తరఫున ఒకరు రేకుల సాయంతో తేవాలి. "మీ తరఫున ఎవరు?" అన్నాడు.

నాలోని దుకాణదారు లేచి కూర్చున్నాడు. అమ్మదలచిన చీరను మా బాపు ఎప్పుడూ ముందు చూపించేవాడు కాదు. "అది వద్దులే అక్కా, వేరే చూడు" అనేవాడు. వాళ్లు దానికోసమే పట్టుబట్టేవాళ్లు. నేను చేతులు నలుపుకుంటూ, "ఎవరినైనా పిలువుండ్రి సార్. గీ చాయ్ తెచ్చే పోశవ్వ తప్ప. ఆమెకు అక్షరం ముక్క రాదు" అన్నాను. ఆఫీసరు కళ్లు మెరిశాయి. "అయితే ఆమెనే పంపండి!"

ఫ్యాను బేరింగు కావాలన్నాడు. మేడం ముఖం చూశాను. తొణకలేదు. ఏ వస్తువు ఎక్కడుందో రాయించిన గోడ మీది పెద్ద బోర్డులో చూసి, "ఎర్ర వరుస, నాలుగు, పదిహేడు" అని మాత్రం చెప్పింది. పోశవ్వ కెటిల్ కింద పెట్టి ఎర్ర వరుసలోకి నడిచింది. మేస్త్రీ అప్పటికే ఎదురు మూలకు ఉరికాడు. మొన్నటి వానలకు పైకప్పు కారితే ఆ మూల సామానంతా మార్చామని ఆయనకు గుర్తు లేదు. "అరే, గీడనే ఉండె గదా! ఎవడు తీసిండు?" అని అటునుంచి అరుస్తుండగానే, పోశవ్వ కొంగులో చుట్టి బేరింగు తెచ్చి ఆఫీసరు బల్ల మీద ధన్‌మని పెట్టింది.

"గిదేనా సార్? గింత దానికి నన్నెందుకు పిలిసిండ్రు? చాయ్ సల్లారుతుంది."

ఆఫీసరు రేకును, బోర్డును మార్చి మార్చి చూసి, మేడంకు చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. స్టోరు ఆమెకే ఉండిపోయింది. మేస్త్రీ ఒక్క పూట మూతి ముడుచుకుని, మర్నాడు తన పనిముట్ల పెట్టె పట్టుకొచ్చి, "మేడం, దీనికి సుత ఒక రేకు కొట్టియ్యుండ్రి" అన్నాడు. నేను నా బేరం గురించి గొప్పలు చెప్పుకోబోతే మేడం ఆపేసింది. "నువ్వు బేరం జెయ్యకున్నా దొరికేది, సేటూ. ఎవలు పోయినా దొరకాలె. గందుకే గదా కొట్టింది."

ఆమె రిటైరైన రోజు పొద్దున్నుంచీ స్టోరు బయట వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలికి రమ్మంటే, "ఎవలన్న నన్నేమన్న అడుగుతరేమో చూస్తున్న" అంది. ఫిట్టర్లు వచ్చారు, సామాను తీసుకున్నారు, పోతూ పోతూ ఆమెకు దండం పెట్టారు. సాయంత్రం సైరన్ మోగింది. ఆమె లేచి, పరీక్ష పాసైన పిల్లలా, "ఒక్కలు అడుగలే! ఒక్కలంటే ఒక్కలు అడుగలే!" అని చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు నాకు కరీంనగర్‌లో పంపుసెట్ల విడిభాగాల గోదాం ఉంది. అక్కడా వరుసకొక రంగు, అరకొక అంకె. ఈమధ్య ఇచ్చోడలో మా మేనకోడలి పెండ్లికి పోయి, పెండ్లి పనులన్నీ అయ్యేదాకా అక్కడే ఉన్నాను. గోదాం నుంచి ఒక్క ఫోనూ రాలేదు. మొదట కాస్త కడుపు మండింది, తర్వాత ఛాతీ ఉబ్బింది. భోజనాల బంతిలో పక్కన కూర్చున్న మా బామ్మర్ది నా ముఖం చూసి, "ఏంది బావా, ఒక్క ఫోన్ సుత వస్తలేదు? గిరాకీ దెబ్బతిన్నదా?" అని జాలిపడ్డాడు. "జోరుగున్నదిరా. నా అవసరమే లేనంత జోరుగున్నది" అని, ఇంకో లడ్డూ వేయమన్నాను.