డెమో సారు

ఇది ఒక వీరగాథ. ఇందులో మూడు నగరాలున్నాయి, సుదీర్ఘమైన ప్రయాణముంది, ద్రోహముంది, ఒక సింహాసనం కోసం పోరాటం కూడా ఉంది.

అంత లేదులెండి. మూడు నగరాలంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ప్రయాణం ప్యాసింజరు రైల్లో. వెనకొచ్చే ప్రతి ఎక్స్‌ప్రెస్‌కీ పక్కకు జరిగి దారిస్తుంది కాబట్టి సుదీర్ఘం. సింహాసనమంటే ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారు కుర్చీ. దానికి ఒక చెయ్యి విరిగిపోయి ఉండింది.

విషయం ఏమంటే, నేను బి.ఎస్సీ. గణితం పాసయ్యాను. హిందూపురంలో మాకు పరుపుల అంగడి ఉంది. కొత్తవి కుట్టేది తక్కువ. పాతవి విప్పి, దూది ఏకి, మళ్లీ నింపేదే ఎక్కువ. పెళ్లిళ్ల సీజన్ వస్తోందంటే చాలు, ఇంటికి చుట్టాలొస్తారని జనం పాత పరుపులన్నీ ఆటోల్లో వేసుకొచ్చి మా ముందర దించుతారు. ఆ ఇంట్లో ఇన్నేళ్లు ఎవరేం ఒలకబోసుకున్నారో, పక్క తడిపే అలవాటు పిల్లలకు ఎప్పుడు పోయిందో, అసలు పోయిందో లేదో, కుట్టు విప్పితే తెలిసిపోతుంది. తెలుసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ముక్కులోకి పోయే దుమ్ము ఒట్టి దుమ్ము కాదు, ఎవరిదో చెమట ఎండి పొడైపోయిందని ఒకసారి తట్టిందంటే ఇంక ఆ పూట అన్నం సయించదు. నాయనకు మాత్రం సయిస్తుంది. చేతులు కడుక్కుని, రెండోసారి పప్పు అడిగి మరీ తింటాడు.

డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు నాయన ఒకటే మాట చెప్పాడు. "పెళ్లిళ్ల సీజన్ లోపల ఉద్యోగం తెచ్చుకుంటే సరి. లేదంటే వచ్చి నా పక్కన కూర్చుని పరుపులు విప్పల్ల."

ఉద్యోగం మీద నాకు ప్రేమేమీ లేదు. పరుపుల మీద అసహ్యముంది. మనిషి కష్టపడడానికి అది సరిపోతుంది.

గణితం చదివినవాళ్లకు దారులు చాలా ఉన్నాయని మా కాలేజీ వీడ్కోలు పార్టీలో ఒక లెక్చరర్ చెప్పాడు. డేటా సైంటిస్టు కావచ్చునంట, యాక్చువరీ కావచ్చునంట.

"యాక్చువరీ అంటే ఏం సార్?" అని అడిగాను.

"అది బాంబేలో ఉంటాదిలేప్పా."

"మరి మీరెందుకు కాలేదు సార్?"

ఆయన బాదంపాలు తాగడంలో మునిగిపోయాడు. పాపం, ఆయన గెస్ట్ ఫ్యాకల్టీ. అంటే ఏటేటా ఆయన్ను మళ్లీ పిలిస్తేనే అతిథి, పిలవకపోతే ఏమీ కాడు. సాయంత్రాలు ఇన్సూరెన్సు పాలసీలు అమ్మేవాడు. ఆ పాలసీల వెనక లెక్కలు కట్టేవాడినే యాక్చువరీ అంటారని నాకు తర్వాత తెలిసింది. ఆయన సరైన దారిలోనే ఉన్నాడన్నమాట, కాకపోతే చివరి కొసన ఉన్నాడు.

అంగడికొచ్చేవాళ్లు ఇంకో రకం. "మావోడు లెక్కల్లో డిగ్రీ" అని నాయన అనడం ఆలస్యం, "అయితే పదిహేడో ఎక్కం చెప్పబ్బా" అంటారు. నేను చదివింది అది కాదని చెప్తే, "మరింకేం చదివినావు?" అని మరకల పరుపు మీద చెయ్యేసి జాలిగా చూస్తారు. ఆ పరుపు తెచ్చినవాళ్లు నన్ను చూసి జాలిపడ్డం నా వల్ల కాలేదు. ఒకరోజు ఎక్కం మొత్తం అప్పజెప్పాను. "బాగా చదివిచ్చినావప్పా కొడుకును" అని నాయనను మెచ్చుకుని పోయాడు ఒకాయన.

మొదట పెనుకొండ పోయాను. ఎర్రమంచి చుట్టుపక్కల కంపెనీలకు మనుషుల్ని పంపే కాంట్రాక్టరు ఒకాయన అక్కడ చిన్న రూము పెట్టుకుని ఉన్నాడు. నా సర్టిఫికెట్టును రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు, మా అంగట్లో నేను దిండ్లను పట్టుకున్నట్టు.

"డిగ్రీవోళ్లు నిలబడరప్పా. పరీక్షుండాది అని పోతారు, మళ్లా రారు. ఇంటర్ అని చెప్పు, రేపే పనికి ఎక్కిస్తా."

"మరి డిగ్రీ?"

"దాన్ని ఇంట్లో పెట్టు. యాడికి పోతాది?"

మూడేళ్లు చదివింది దాచిపెట్టుకోమంటున్నాడు, అదేదో చర్మరోగమైనట్టు. దాచడానికైనా వీలుందా? నాయన ఆ సంగతి బజారంతా చెప్పి ఉన్నాడు. పోయొస్తానన్నాను. మంచి నీళ్లు తాగి పొమ్మన్నాడు. తాగి వచ్చాను.

తర్వాత ధర్మవరం. అక్కడొక ప్రైవేటు బడిలో పదో తరగతికి లెక్కల సారు కావాలన్నారు. కరస్పాండెంటు చొక్కా తెల్లగా ఉంది, మాట మెత్తగా ఉంది. "బి.ఎడ్. లేదు కాబట్టి డెమో కొంచెం ఎక్కువ చూడల్ల" అన్నాడు. డెమో అంటే ఉద్యోగమిచ్చే ముందు ఒక పాఠం చెప్పించుకుని చూడడం. న్యాయమే కదా అనుకున్నాను. నాకు ఆ విరిగిన చెయ్యి కుర్చీ కూడా నచ్చింది. దాని మీద ఎవరూ పడుకుని ఉండరు.

మొదటి రోజు ఆయన వెనక బెంచీలో కూర్చుని ఫోను చూసుకున్నాడు. "రేపు కూడా రా" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే నాయన ఆ రాత్రి నాకోసం చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చాడు. మా ఇంట్లో అంతకుమించిన వేడుక ఉండదు.

రెండో రోజు వెనక బెంచీ ఖాళీ. నేను లోపలికి అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి రాగం తీశారు. "గు...డ్ మార్నింగ్ డెమో సా...ర్!"

ఎవరికీ నవ్వు రాలేదు. అంటే అది ఎగతాళి కాదు, అలవాటు.

ముందు బెంచీలోని అమ్మాయి నిలబడింది. "సార్, మొన్నటి డెమో మేడమ్ స్పర్శరేఖలు మొదలుపెట్టింది. నిన్న మీరు మొదటి సిద్ధాంతం చెప్పినారు. ఈరోజు రెండోది సార్."

"అంతకుముందు పాఠం?"

"అది ఇంకో డెమో సారు చెప్పినాడు సార్. ఆయప్ప గబగబా చెప్తాడు, అర్థం కాదు."

"మీకు లెక్కల సారు లేడా?"

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "మీరే కదా సార్. మీరందరూ."

నా కథ ఇంకొంచెం గొప్పగా ఉండి ఉంటే ఆ రోజు పాఠం సంభావ్యత అయ్యుండేది. కాదు. బాహ్యబిందువు నుంచి వృత్తానికి గీసిన రెండు స్పర్శరేఖల పొడవులు సమానమని నిరూపించాలి. సుద్దముక్క చేతిలో ఉంది, పిల్లలు పెన్నులు తీశారు. ఏం చేయాలి? మొదలుపెట్టాను. చెప్తున్నంతసేపూ మా అంగట్లో కుట్టు విప్పిన పరుపే గుర్తొచ్చింది. ఎవరెవరో వాడి పోయిన చోట నేనూ నిలబడ్డాను. రెండు త్రిభుజాలూ సర్వసమానాలని తేల్చేసరికి గంట కొట్టారు. చివరి ఒక్క మెట్టు మిగిలిపోయింది.

నేరుగా కరస్పాండెంటు గదికి పోయాను. ఆయన బిస్కెట్టు టీలో ముంచుతున్నాడు.

"బాగా చెప్తాండావంటప్పా. కాన్ఫిడెన్సు ఇంకొంచెం రావల్ల. రేపు కూడా రా."

"రేపు ఏం చెప్పల్ల సార్?"

"దీని తర్వాతది."

అనేశాక తలెత్తి చూశాడు. నేనూ చూశాను. బిస్కెట్టు విరిగి టీలో పడింది.

"సార్, సిలబస్ అయిపోయినాంక ఉద్యోగమిస్తారా?"

"సిలబస్ అయిపోయినాంక సారెందుకప్పా?" అన్నాడు. కోపంగా కాదు, దొరికిపోయినట్టూ కాదు. నిజంగానే నా లెక్క అర్థం కానట్టు. తర్వాత చెంచాతో బిస్కెట్టు ముక్కను బయటికి తీసి, నోట్లో వేసుకున్నాడు. నాకు అన్నిటికంటే అదే అసహ్యమనిపించింది.

"రేపు రాను సార్" అన్నాను. ఆయనేమీ బాధపడలేదు. బయట బల్ల మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు ఇంకొకడు సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "లోపల ఉద్యోగం లేదన్నా, సిలబసే ఉండాది" అని చెప్పాను. "థాంక్సన్నా" అని, లోపలికే పోయాడు. పోటీ తగ్గించుకోవడానికి చెప్తున్నాననుకున్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనుకుందును. నా నిరూపణలో ఆ చివరి మెట్టు అతనే చెప్పుంటాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నాయన చొక్కా వైపు ఒకసారి చూశాడు.

"శాంపులుకని మనం ఒక దిండైనా ఊరికే కుట్టి ఇస్తామారా?"

"లేదు."

"పిల్లోళ్లకు అర్థమయ్యిందా మరి, నువ్వు చెప్పింది?"

"అయ్యింది."

"సరే, అన్నం తిను."

పెళ్లిళ్ల సీజన్ మొదలైంది. మొదటి ఆటో పొద్దున్నే వచ్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని కుట్టు విప్పాను. విప్పగానే దూదిని ఏకే మిషన్లో వేయబోతే నాయన ఆపాడు. పాత దూదిని ముందు ఒక పగలంతా ఎండబెట్టాలి. తేమ ఉంటే మిషన్ పళ్లకు చుట్టుకుంటుందంట.