కనపడని బటన్

ఎవరికైనా లేదని మొహాన చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఆ గుణమే నా ప్రోగ్రాములోకీ ఎక్కింది.

మురమళ్ళ దగ్గర మా మేనమామలిద్దరికీ ఉమ్మడిగా రొయ్యల చెరువులున్నాయి. పెద్దమావయ్యగారికి మస్కట్‌లో ఉద్యోగం, చిన్నమావయ్యగారికి పొద్దస్తమానం గట్టు మీదే కాపురం. ఇద్దరూ ఫోనులోంచే పనులు చూసుకునేలా నేను అమలాపురంలో కూర్చుని ఒక యాప్ రాసిచ్చాను. లెక్కలు చూడడం, మేత రాయడం, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పడం, రొయ్యల పట్టుబడికి బేరం ఖాయం చెయ్యడం, ఒక్కో అధికారానికి ఒక్కో బిట్. బిట్ అంటే స్విచ్చి లాంటిదే. ఒకటైతే ఉన్నట్టు, సున్నా అయితే లేనట్టు. ఆ నాలుగిటికీ వరసగా ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది విలువలు; అన్నీ ఉన్నవాళ్ళ అంకె పదిహేను. అధికారం ఇవ్వాలంటే ఆర్ అనే లెక్క, తీసెయ్యాలంటే ఆ బిట్‌ని తిరగేసి అండ్ అనే లెక్క. మిగతావి కదలవు. ఆ పొందిక చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని.

"మీకు అనుమతి లేదు" అని పెద్దవాళ్ళతో యాప్ చేత అనిపించడం నాకు నచ్చలేదు. అధికారం లేకపోతే బటనే కనపడకుండా చేశాను. అదే మర్యాద అనుకున్నాను.

ఈమధ్య పెద్దమావయ్యగారు ఫోన్ చేశారు. "తమ్ముడు తక్కువకే ఒప్పేసుకుంటున్నాడమ్మాయ్. ఇకమీదట బేరం నేనే చూసుకుంటాను. వాడికి అదొక్కటీ తీసెయ్. చెప్పకు, నొచ్చుకుంటాడు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. ఒక్క లైను రాశాను. చిన్నమావయ్యగారి పదిహేను కాస్తా, బేరం తాలూకు ఎనిమిది పోయి, ఏడైంది.

పట్టుబడి నాడు కొనేవాళ్ళు ఐసు పెట్టెలతో నిలబడి ఉండగా చిన్నమావయ్యగారు గట్టు మీంచి ఫోన్ చేశారు.

"బేరం బటన్ కనపట్టం లేదమ్మాయ్. వీళ్ళంతా చూస్తున్నారు."

"నెట్ సరిగ్గా లేదేమోనండి" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ బేరం మస్కట్ నుంచే ఖాయమైంది.

వారం తిరక్కుండా ఆయన కొత్త కళ్ళజోడుతో మా ఇంటికి వచ్చారు.

"కంటి డాక్టరుగారు చూసేరమ్మా. జోడు పెట్టుకున్నా ఆ బటన్ కనపట్టం లేదు. ఎక్కడుందో వేలుపెట్టి చూపించు."

ఫోను నా చేతిలో పెట్టి పక్కకి వంగారు. బటన్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఇంక నావల్ల కాలేదు.

"మీ కళ్ళు బాగానే ఉన్నాయండి. నేనే తీసేశాను."

"అన్నయ్య చెప్పేరా?"

"ఆయ్" అన్నాను.

కళ్ళజోడు తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నారు.

"ఆవేళ గట్టు మీద వాళ్ళందరికీ, నాకు చూపు ఆనటం లేదని చెప్పేనమ్మా" అన్నారు.