కుప్పలు పోసినవాడు

పులికాట్ సరస్సులోని లంక పల్లెలకు నర్సమ్మనూ టీకా మందుల పెట్టెనూ దాటించే ఆసుపత్రి పడవ నడిపేది ముత్యాలయ్య. తెడ్డు పట్టి జుట్టు నెరిసింది గానీ ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. జీతం పెంచమని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది. అది చాలకనే భార్య చెంచమ్మ మోకాళ్ల నొప్పులతో నడుంలోతు నీళ్లలో దిగి, తాటాకు బుట్టను పళ్లతో కరిచిపట్టుకుని, బురదలో చేతులతో రొయ్యలు తడిమి పడుతుంది. ఆవిడను ఆ నీళ్లలోంచి బయటికి తేవాలన్నదే ఆయన కోరికల్లా.

ఆదివారం వల లాగినవాళ్లందరికీ చేపలు పంచేది ముత్యాలయ్యే. ఆ ఊళ్లో కట్టుబాటు ఒకటుంది. కుప్పలు పోసినవాడు అందరూ తీసుకున్నాక మిగిలిన కుప్పే తీసుకోవాలి. అందుకే ఏ కుప్పా చిన్నది కాదు. పుట్టినప్పటినుంచీ ఇదే చూసినవాడికి లోకంలో పంపకం ఇంకోలా ఉంటుందని ఎలా తోస్తుంది?

అందుకే, ఎమ్మెల్యేల జీతాలు పెరిగాయని టీకొట్టు టీవీలో వినగానే ముత్యాలయ్య టీ సగంలో వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

"మే చెంచమ్మా! వాళ్లు గూడా తీసేసుకున్నారంట మే! పంచేవాళ్లు తీసుకున్నారంటే మనది ముందే పోసి పెట్టుంటారు గదా. పోయి తెచ్చుకోడమే!"

"నిజమేనా అయ్యా?"

"ఇంక నువ్వు నీళ్లలో దిగబాక."

ఆ సాయంత్రమే చెంచమ్మ తన బుట్టను పక్కింటి పేరమ్మకు ఇచ్చేసింది. పిచ్చి మనిషి, ఒక్కరోజు ఆగి ఉంటే ఏం పోయేది!

మర్నాడు ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా కిషోర్ బాబు ఆయన చెప్పిందంతా విని పడీ పడీ నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"వాళ్ల జీతం వాళ్లే పెంచుకుంటారు ముత్యాలయ్యా. పర్మనెంటు వాణ్ణి, నా డీఏ బకాయిలకే దిక్కులేదు. నీ ఫైలు నిధుల్లేవని తిరిగొచ్చింది."

"మరి వాళ్లకెట్టొచ్చినాయి సార్, నిధులు?"

కిషోర్ బాబు తలుపు వైపు చూశాడు. "మెల్లగా మాట్లాడు."

ముత్యాలయ్య బయటికొచ్చి పడవ వైపు నడిచాడు. పెద్ద కుప్ప తనే ముందు ఎత్తుకున్నవాణ్ణి వాళ్ల ఊళ్లో మళ్లీ వల తాడు ముట్టనివ్వరు. ఇక్కడ అలాంటివాళ్లకు దండలేస్తారు. పోయిన ఎన్నికల్లో తనూ ఎమ్మెల్యేకు దండ వేశాడు, పడవ ఎక్కించుకుని ఊరూరా తిప్పాడు కూడా. ఎంత అన్యాయం! ఇంత అన్యాయం పట్టపగలు, టీవీలో చెప్పి మరీ చేస్తారా?

ఇంటికొచ్చి గడపలో కూలబడి చెప్పాడు. మోకాళ్లకు నూనె రాసుకుంటున్న చెంచమ్మ చెయ్యి ఆగింది.

"కుప్పలు పోసేటప్పుడు ఎదురుగా ఎవురూ లేరా?"

"ఉండారు మే. అందరూ తీసుకునేవాళ్లేనంట."

ఆవిడ గోడ పట్టుకుని లేచి పేరమ్మ ఇంటికి వెళ్లింది. పేరమ్మ ఆవిడ ముఖం చూసి, బుట్టలోని రొయ్యలు చేటలో పోసుకుని, బుట్ట కడిగి చేతికిచ్చింది.

ముత్యాలయ్య ఒడ్డుదాకా వెంట వెళ్లాడు.

"ఈపొద్దు వద్దు మే. రా మే, చెంచమ్మా!"

చెంచమ్మ పలకలేదు. అప్పటికే నడుంలోతు నీళ్లలో ఉంది. బుట్ట పళ్ల మధ్య ఉంది.