అత్తమ్మ పాట, నా స్వచ్ఛత

సిరిసిల్లలో మా అత్తమ్మ సంవత్సరికం నాడు ల్యాప్‌టాప్‌లో ఆ సెట్టింగు తీసేసింది నేను. మా బామ్మర్ది కాదు. అందరూ అతన్ని తిడుతుంటే పక్కనే నిలబడి గారె తుంచుకుని తిన్నాను. ఆ తర్వాత రెండేళ్లూ నోరు విప్పలేదు.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. జగిత్యాలలో మా ముందుగదిలో పాటలు వినడానికి నాకో కుర్చీ ఉంది. ఇంకెవరూ అందులో కూర్చోకూడదు. పాటను దాచిన ఫైలులోని అంకెల్లో ఒక్కటి కూడా మారకుండా స్పీకరు దాకా చేరాలన్నది నా మతం. ఒక పాట మెల్లగా, ఇంకో పాట గట్టిగా ఉంటే రెండింటినీ ఒకే ఎత్తుకు తెచ్చే సెట్టింగు ప్లేయర్లో ఉంటుంది. దాన్ని వాడేవాళ్లు నా లెక్కలో పాలల్లో నీళ్లు కలిపేవాళ్లు. బయట లారీలు, లోపల మిక్సీ మోగుతుంటే నేను కళ్లు మూసుకుని స్వచ్ఛమైన నాదం వినేవాణ్ణి.

బామ్మర్దికి కోరుట్లలో సౌండ్ బాక్సులు కిరాయికిచ్చే దుకాణం ఉంది. ఆ సెట్టింగు లేకుండా అతను పాట పెట్టడు. ఓ రోజు ఒకే పాటను సమం చేసి ఒకసారి, చేయకుండా ఒకసారి, చెవికి ఒకే ఎత్తులో ఉండేట్టు మీట సర్ది వినిపించి, ఏది అసలుదో చెప్పమన్నాడు. నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చి మరీ సమం చేసినదాన్ని ఎంచుకున్నాను. “సరే బావా, గంతే అనుకో” అని నవ్వాడు. ఈ సంగతి తన అక్కకు, అంటే నా భార్యకు కూడా చెప్పలేదు.

మా మామ జీవితమంతా మరమగ్గాల మీద పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆ మోతలో అత్తమ్మ పాట ఆయన ఎన్నడూ సరిగ్గా వినలేదు. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు ఆమె మెల్లగా పాడుకున్న బతుకమ్మ పాట ఒకటి కొడుకు, అంటే మా బామ్మర్ది, ఫోన్లో దొరికింది. దాన్ని వినాలని మామ కోరిక. సంవత్సరికం నాడు చెవికి వినికిడి మిషన్ పెట్టుకుని, బాక్సు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

బామ్మర్ది ల్యాప్‌టాప్ నాకప్పగించి వడ్డన చూడ్డానికి వెళ్లాడు. ఆ సెట్టింగు నా కంటబడింది. అత్తమ్మ గొంతును మార్చడమా? తీసేశాను.

పాట మొదలైంది. ఎవరికీ వినబడలేదు. మామ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. బామ్మర్ది పరుగున వచ్చి ఆంప్లిఫయర్ చివరిదాకా తిప్పాడు. అంతలో పాట అయిపోయింది. తర్వాతి భజన డప్పులతో బద్దలైంది. మామ కేకపెట్టి మిషన్ పీకి విసిరేశాడు.

“మీ అమ్మ పాటనన్న సక్కగ పెట్టరాకపాయె. గిదేం పనిరా నీది?”

బామ్మర్ది తెర మీద చూశాడు, తర్వాత నన్ను చూశాడు. వంగి కింద పడ్డ మిషన్ ఏరాడు. నా మర్యాద మాత్రం ఒక్క అంకె కూడా మారకుండా క్షేమంగా బయటపడింది.

అప్పటి నుంచి ఇంటికి కొడుకు వస్తే మామ మిషన్ పెట్టుకోవడం మానేశాడు. కొడుకు ఎదురుగా కూర్చుని ఏదో చెప్పేవాడు. తండ్రి గోడ వైపు చూసేవాడు. ఒకసారి అది నా కళ్లతో చూశాను. ఇక కుర్చీలో కళ్లు మూసుకుంటే నాదం బదులు ఆ గోడే కనబడేది.

మొన్న బామ్మర్దిని వెంటబెట్టుకుని సిరిసిల్ల పోయాను. మామ ముందు కూర్చుని, మర్యాదస్తుడి గొంతుతో తప్పు నాదని చెప్పాను.

“ఏందీ?” అన్నాడు.

కొంచెం పెంచి చెప్పాను. మళ్లీ “ఏందీ?” మూడోసారి అరిచాను. పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చి మరీ విన్నారు. మామ అరలోంచి డబ్బీ తీసి, మిషన్ చెవికి పెట్టుకుని, కొడుకును పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“గిప్పుడు చెప్పు అల్లుడా, మెల్లగ. వాడు గూడ ఇంటడు.”

“గా రోజు సెట్టింగు తీసింది నేను మామా. మాటలు పడ్డది వాడు. ఇద్దరు నన్ను మన్నించుండ్రి.”